స్టెబిలైజ్ చేసిన దిమ్మ కోస్తే మధ్యలో పొడిగా ఉంది. ప్రెషర్ పాట్ కొనాలా?

కొత్తచెయ్యి

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

కత్తి పిడుల కోసం బూజు గీతలు పడిన మామిడి చెక్క దొరికింది. సిరా కలంతో గీసినట్టు నల్లటి గీతలు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ గోరుతో నొక్కితే దిగిపోతుంది. అలాగే పిడి చేస్తే నాలుగు రోజులు కూడా ఆగదని, స్టెబిలైజ్ చేద్దామని, అంటే చెక్క లోపలి ఖాళీల్లో రెజిన్ నింపి గట్టిపరుద్దామని, వాక్యూమ్ పంపు, గాజు మూత ఉన్న స్టీలు చాంబర్, వేడికి గట్టిపడే మెథాక్రిలేట్ రెజిన్ తెచ్చుకున్నాను. రెజిన్‌లో నీలం రంగు కలిపాను.

దిమ్మ కొలతలు 15 × 5 × 4 సెంటీమీటర్లు. రెజిన్‌లో ముంచి, తేలకుండా పైన ఇనుప ముక్క పెట్టి, 3 గంటలు వాక్యూమ్ నడిపాను. బుడగలు వస్తూనే ఉన్నాయి. పంపు బాగా వేడెక్కేసరికి భయమేసి ఆపేశాను. గాలి వదిలి, 20 నిమిషాలకు దిమ్మ తీసి, ఫాయిల్‌లో చుట్టి ఓవెన్‌లో 93 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచాను.

బయటికి రాయిలా వచ్చింది. సంబరంగా మధ్యకి కోశాను. అంచు చుట్టూ నాలుగైదు మిల్లీమీటర్లు నీలం. కోసిన చివరల వైపు ఇంకాస్త లోతు. నడిమధ్యన మాత్రం తెల్లగా, దూదిలా, మునుపు ఎలా ఉందో అలాగే ఉంది. గోరు పెడితే దిగుతోంది.

గాలి ఒత్తిడితో రెజిన్‌ని చెక్కలోకి నెట్టే ప్రెషర్ పాట్ లేకపోవడం వల్లేనా ఇలా? కొనేయమంటారా?

లేత్‌రాజా

కొనేయండి, ఆలోచించొద్దు. నేనైతే వాక్యూమ్ జోలికే వెళ్లను. పెన్నుల దిమ్మలు రెజిన్‌లో వేసి, పాట్‌లో పెట్టి, 60 పీఎస్‌ఐ ఒత్తిడి కొట్టి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున తీస్తే రెజిన్ కారుతూ ఉంటుంది, అంతగా తాగేస్తుంది చెక్క. ప్రెషర్ ముందు వాక్యూమ్ ఎంత? గట్టిగా లెక్కేస్తే 15 పీఎస్‌ఐ.

గ్రాములక్క

ఆగండాగండి. కొత్తచెయ్యి గారూ, కొనే ముందు మూడు అంకెలు చెప్పండి. రెజిన్‌లో వేసే ముందు దిమ్మ బరువెంత? ఓవెన్ నుంచి తీశాక ఎంత? ఆరిందని దేన్ని బట్టి అనుకున్నారు? బరువులు చూడకుండా స్టెబిలైజింగ్ చేయడం కళ్లకు గంతలు కట్టుకుని లేత్ తిప్పడం లాంటిది.

కొత్తచెయ్యి

బరువు చూశానక్కా, అదృష్టం. ముందు 162 గ్రాములు. ఓవెన్ తర్వాత 224. అంటే 38 శాతం పెరిగింది, బాగానే ఉందనుకున్నాను. చెక్క ఎనిమిది నెలలు షెడ్డులో ఆరింది. తేమ మీటర్ పెడితే 8 శాతం చూపించింది. 8 అంటే ఆరినట్టే కదా?

పాతపంపు

బల్ల చేయడానికి ఆరినట్టే. దీనికి కాదు.

నీ కథలో తప్పులు రెండున్నాయి బాబూ. రెండింటికీ ప్రెషర్ పాట్‌తో సంబంధం లేదు.

మొదటిది తేమ. 162 గ్రాముల దిమ్మలో 8 శాతం తేమ ఉందంటే, అందులో 150 గ్రాములు చెక్క, 12 గ్రాములు నీళ్లు. వాక్యూమ్‌లో నీళ్లు మరగడానికి నిప్పు అక్కర్లేదు. సముద్రమట్టంలో వాక్యూమ్ గేజ్ మీద 29 అంగుళాలు (పాదరసం కొలత) కనిపిస్తే చాంబర్‌లో మిగిలిన ఒత్తిడి అంగుళం లోపే. ఆ ఒత్తిడిలో నీళ్లు 25 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఒక గ్రాము నీరు ఆవిరైతే అక్కడ సుమారు 43 లీటర్ల చోటు పడుతుంది. మరి 12 గ్రాములకి? ఐదొందల లీటర్ల పైన. నువ్వు చూసిన బుడగల్లో చాలావరకు గాలి కాదు, ఆవిరి. మూడు గంటలు కాదు, మూడు రోజులు నడిపినా అవి ఆగవు. ఆవిరి నిండిన చోటికి రెజిన్ ఎక్కడ పోతుంది?

రెండోది ఆ 20 నిమిషాలు. వాక్యూమ్ చెక్కలోకి రెజిన్‌ని లాగుతుందని అందరూ అనుకుంటారు. లాగదు. అది లోపలి గాలిని బయటికి తీస్తుంది, అంతే. రెజిన్ లోపలికి పోయేది నువ్వు పంపు ఆపి గాలి వదిలాక. బయటి వాతావరణం నెడితే చెక్కలో ఖాళీ అయిన సన్నటి గదుల్లోకి మెల్లిగా దూరుతుంది. అసలు పని మొదలయ్యే వేళకి నువ్వు దిమ్మని తీసేశావు. వాక్యూమ్‌లో ఎంతసేపు ఉంచావో దానికి కనీసం రెట్టింపు సేపు నానాలి. నేను రాత్రంతా వదిలేస్తాను.

పంపులో నూనె ఒకసారి చూడు. ఏ రంగులో ఉంది?

కొత్తచెయ్యి

ఇప్పుడే చూశాను గురువు గారూ. కొత్తగా పోసినప్పుడు గాజులా ఉండేది. ఇప్పుడు మజ్జిగ రంగులో ఉంది. పాడైపోయిందా పంపు?

పాతపంపు

పాడవలేదు. నీ దిమ్మలో నీళ్లు కొంత అందులో చేరాయి. నూనె వేడిగా ఉండగానే తీసేసి కొత్తది పోసి, పది నిమిషాలు నడిపి, మళ్లీ మార్చు. పంపు మీద చిన్న మరలా గ్యాస్ బ్యాలాస్ట్ వాల్వు ఉంటుంది. మొదటి అరగంట అది కాస్త తెరిచి ఉంచితే ఆవిరి నూనెలో కలవకుండా బయటికి పోతుంది. ఇక పంపు వేడెక్కడం మామూలే, దానికి భయపడి ఆపక్కర్లేదు. చెయ్యి పెట్టలేనంత కాలితే, నూనె వాసన వస్తే అప్పుడు చూసుకో.

గ్రాములక్క

పాతపంపు గారు చెప్పినదానికి చిన్న సవరణ. చెక్కలోని ఆ గదుల గోడలు పట్టుకుని ఉన్న తేమ గిన్నెలో నీళ్లంత తేలిగ్గా వదలదు. 8 శాతం దగ్గర దాన్ని బయటికి రప్పించాలంటే ఒత్తిడి ఇంకా తగ్గాలి. కానీ రెండు దశల పంపు సరిగా ఉంటే 29 దాటి ఇంకా కిందికి తీసుకెళ్తుంది, అప్పుడు అదీ వస్తుంది. అంత తక్కువ ఒత్తిడిలో ఆ ఆవిరి 43 లీటర్ల కంటే ఎక్కువ చోటే తీసుకుంటుంది. కాబట్టి చివరికి తేలేది మీరన్నదే.

ఇప్పుడు అసలు లెక్క. చెక్క గోడ సాంద్రత ఏ చెట్టుకైనా దాదాపు ఒకటే, ఘన సెంటీమీటరుకి 1.5 గ్రాములు. చెట్టుకి చెట్టుకి తేడా ఖాళీలలో ఉంటుంది. మీ దిమ్మ 300 ఘన సెంటీమీటర్లు, ఎండిన బరువు 150. 150ని 1.5తో భాగిస్తే గోడలు 100. మిగిలిన 200 ఖాళీ. రెజిన్ సాంద్రత 1కి దగ్గర్లో ఉంటుంది కాబట్టి దాదాపు 200 గ్రాములు పట్టేంత చోటుంది.

మీకు పట్టింది ఎంత? 38 శాతం అనుకోకండి, అది తడి చెక్క బరువు మీద వేసిన లెక్క. ఓవెన్‌లో నీళ్లు పూర్తిగా పోయాయనుకుంటే 224 లోంచి 150 తీస్తే 74 గ్రాములు. 200 పట్టే చోట 74. మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. మీరు కోసి చూసింది, కాటా చెప్పింది ఒకటే కథ.

ఇదే లెక్క గట్టి చెక్కకి వేస్తే ఆశ ఎక్కడ ఆపుకోవాలో తెలుస్తుంది. సాంద్రత 0.9 ఉన్న చెక్కలో ఖాళీ 40 శాతమే. ఎంత తాగించినా బరువు 44 శాతానికి మించి పెరగదు. నీళ్లలో మునిగే నల్లచేవ లాంటిదైతే మూడో వంతు కూడా పెరగదు. అలాంటివాటికి స్టెబిలైజింగ్ అవసరమే ఉండదు, కొందరు మోజుతో చేస్తారంతే.

ఉలిపిడి

నాకో సందేహం. మాది ఎత్తైన ఊరు. ఏం చేసినా గేజ్ 26 దాటదు. పంపు మార్చాలా?

పాతపంపు

మార్చకు. గేజ్ చూపించేది బయటికీ లోపలికీ ఉన్న తేడా మాత్రమే. సుమారు 300 మీటర్ల ఎత్తుకి ఒక అంగుళం చొప్పున పడిపోతుంది. నువ్వు 900 మీటర్ల పైన ఉంటే 26 అంటే పంపు బాగున్నట్టే. మీ ఊళ్లో ఆ రోజు వాతావరణ పీడనం ఎంతో తెలుసుకుని, దానికి అంగుళం లోపు వస్తే చాలు.

రైలుదుంగ

లేత్‌రాజా గారూ, మీరు చెప్పిన ఒక మాట దగ్గర ఆగిపోయాను. పాట్ తెరిచాక రెజిన్ కారుతూ ఉంటుంది, అంతగా తాగింది అన్నారు. అది తాగినందుకు కాదండి, కక్కుతున్నందుకు.

వాక్యూమ్ లేకుండా నేరుగా 60 పీఎస్‌ఐ కొడితే చెక్కలోని గాలి ఎక్కడికీ పోదు. ఐదో వంతుకి నలిగి ఓ మూల కూర్చుంటుంది, ఆ జాగాలోకి రెజిన్ వస్తుంది. మీరు పాట్ తెరవగానే నలిగిన గాలి స్ప్రింగులా విప్పుకుని రెజిన్‌ని బయటికి తోస్తుంది. ఓవెన్‌లో వేడికి ఇంకాస్త తోస్తుంది.

రైలు పట్టాల కింది దుంగలకు మందు పట్టించేవాళ్లు దీన్ని వందేళ్ల కిందే కావాలని వాడుకున్నారు. 1838లో ఇంగ్లండ్‌లో జాన్ బెథెల్ పేటెంట్ తీసుకున్న పద్ధతిలో ముందు వాక్యూమ్, తర్వాత క్రియోసోట్ నూనె, ఆపైన ప్రెషర్. గదులన్నీ నిండిపోతాయి కాబట్టి దాన్ని ఫుల్ సెల్ అంటారు. దుంగలు బాగా నిలిచేవి గానీ నూనె విపరీతంగా తాగేవి. 1902లో రూపింగ్ తిరగేశాడు. ముందు గాలినే చెక్కలోకి కుక్కి, దాని మీద నూనె కొట్టి, ప్రెషర్ వదలగానే ఆ గాలే మిగులు నూనెని తోసేసేలా చేశాడు. గోడలకు పూత మిగులుతుంది, గదులు ఖాళీ అవుతాయి. తర్వాత లౌరీ అని ఇంకొకాయన, ముందుగా గాలి కుక్కడం కూడా మానేసి మామూలు గాలితోనే మొదలుపెట్టాడు. మీరు ఇంట్లో చేస్తున్నది అచ్చం అదే. నూనె పొదుపు చేయడానికి కనిపెట్టిన పద్ధతితో మీరు దిమ్మ నింపాలని చూస్తున్నారు.

లేత్‌రాజా

అయ్యబాబోయ్. నాలుగేళ్లుగా కారుతుంటే గర్వంగా చూసుకుంటున్నాను.

అయితే పాట్ పనికిరాదంటారా?

రైలుదుంగ

పనికొస్తుంది, వరస మార్చాలి. ముందు వాక్యూమ్, గాలి పూర్తిగా పోయాక ప్రెషర్. అప్పుడు లోపల ఎదురుతిరిగే గాలి ఉండదు కాబట్టి వెళ్లింది వెళ్లినట్టే ఉంటుంది. వాక్యూమ్ ఒక్కటే అయితే నెట్టే బలం ఒక వాతావరణం. దాని మీద 4 బార్, అంటే దాదాపు 4 వాతావరణాల ఒత్తిడి, కొడితే ఐదింతలు. నాలుగు రోజులు నానాల్సింది ఒక రోజులో అవుతుంది. అయితే ఒక్క షరతు. చాంబర్ నుంచి పాట్‌కి మార్చేటప్పుడు దిమ్మ రెజిన్ పైకి తేలకూడదు. ఒక్క నిమిషం గాలికి తగిలినా మళ్లీ కాస్త పీల్చుకుంటుంది. చాంబర్‌లో పెట్టేటప్పుడే దిమ్మని ఒక డబ్బాలో ఉంచి, రెజిన్‌తో, బరువుతో సహా ఆ డబ్బానే ఎత్తి పాట్‌లో పెట్టండి.

పాతపంపు

నా మట్టుకు నేను పుచ్చిన మెత్త చెక్కకి పాట్ తీయను. ఓపిగ్గా నానబెడితే దానికి వాతావరణమే చాలు. కాస్త గట్టి చెక్కకైతే తీస్తాను. చేవకి మాత్రం ఎన్ని బార్లు కొట్టినా దండగే. చేవ కట్టేటప్పుడు చాలా చెట్లు తమ గొట్టాలను తామే బిరడాల్లాంటివాటితో మూసేసుకుంటాయి. మూసిన తలుపు ఎంత తోస్తే తెరుచుకుంటుంది? ఒకే దిమ్మలో తెల్లచెక్క నీలంగా, పక్కనే చేవ తన రంగులోనే ఉండడం అందుకే. నాకు అదే ఎక్కువ అందంగా కనిపిస్తుంది, అది వేరే సంగతి.

ఉలిపిడి

పాట్ లేనివాళ్ల సంగతేంటి? లావుపాటి పీవీసీ గొట్టానికి రెండు మూతలు అంటించి, కంప్రెసర్ వాల్వు బిగిస్తే సరిపోతుందని ఒక వీడియోలో చూశాను. లేదంటే వంటింట్లో ప్రెషర్ కుక్కర్ ఎలాగూ ప్రెషర్‌కే చేశారు కదా, దానికి గాలి కొడితే?

నిర్వాహకుడు

ఉలిపిడి గారి ప్రశ్నను తొలగించడం లేదు, ఎందుకంటే చాలామందికి ఇదే ఆలోచన వస్తుంది. కింద సమాధానం చదవకుండా ఎవరూ దయచేసి ప్రయత్నించకండి.

గ్రాములక్క

రెండూ వద్దు. ఎందుకో లెక్కతోనే చెప్తాను.

కుక్కర్ పనిచేసేది సుమారు 1 బార్ దగ్గర, అంటే 15 పీఎస్‌ఐ. 22 సెంటీమీటర్ల మూత వైశాల్యం 380 చదరపు సెంటీమీటర్లు. 1 బార్ దగ్గర ఆ మూతని పైకి నెట్టే బలం దాదాపు 390 కిలోలు. దానికోసమే ఆ కొక్కేలు చేశారు. మీరు 4 బార్ కొడితే అది పదిహేను వందల కిలోలు దాటుతుంది. ఒక కారు బరువు మూత మీద కింది నుంచి నిలబడినట్టు. కుక్కర్‌కున్న సేఫ్టీ ప్లగ్ ఊడితే మీ అదృష్టం. ఊడకపోతే మూత ఊడుతుంది.

పీవీసీ ఇంకా ఘోరం. అది నీళ్లకి చేసిన గొట్టం. నీళ్లు నలగవు, అందుకే నీళ్ల గొట్టం పగిలితే చిమ్మి ఊరుకుంటుంది. గాలి నలిగి శక్తి దాచుకుంటుంది. గొట్టం పగిలిన క్షణాన ఆ శక్తంతా ముక్కలకి చేరుతుంది. పీవీసీ సాగదు, కత్తుల్లా పెచ్చులై లేస్తుంది. గొట్టం మీద రాసిన పీఎస్‌ఐ చూసి మోసపోకండి, అది నీళ్ల లెక్క.

పెయింటు కొట్టే ప్రెషర్ పాట్ అయితే దాని మీద రాసిన హద్దుకి లోపల, సేఫ్టీ వాల్వు ముట్టుకోకుండా వాడండి. గాలి పూర్తిగా వదిలి, గేజ్ సున్నా చూపించాకే బోల్టు తిప్పండి.

కుక్కర్‌ని వాక్యూమ్‌కి వాడేవాళ్లున్నారు. అక్కడ తేడా ఎప్పుడూ 1 బార్ దాటదు కాబట్టి గట్టి గిన్నె తట్టుకుంటుంది. కానీ చూడ్డానికని దాని మీద కిటికీ అద్దం పెట్టకండి. 25 సెంటీమీటర్ల మూత మీద వాతావరణం వేసే బరువు 500 కిలోలు.

ఉలిపిడి

అర్థమైంది అక్కా. గొట్టం కొనలేదు, ఇంకా ఆలోచనలోనే ఉంది. ఆ ఆలోచన ఇక్కడే వదిలేస్తున్నాను.

మరి రెజిన్ బదులు? ఎపాక్సీని థిన్నర్‌తో పల్చగా చేసి వాడొచ్చా? అసిటోన్‌లో థర్మోకోల్ కరిగించి పట్టించేవాళ్లనీ చూశాను.

చెక్కపొట్టు

రెండూ చేసి చూశాను, అనుభవం ఉంది కాబట్టి చెప్తాను.

ఎపాక్సీ చిక్కన. పైగా కలిపిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది. చెక్క లోపలికి పోవడానికి గంటలు కావాలి, దానికి అంత తీరిక లేదు. థిన్నర్ కలిపితే లోపలికి పోతుంది నిజమే, తర్వాత ఆ థిన్నర్ ఆవిరై పోవాలి కదా, అది పోయిన చోట మళ్లీ ఖాళీ. అసిటోన్ అయితే వాక్యూమ్ పెట్టగానే మరిగిపోయి పంపులోకే వస్తుంది. మండే ఆవిరి, పక్కన మోటారు. నా పంపు సీళ్లు ఉబ్బిపోయాయి, అంతటితో పోయింది.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, సిగ్గు విడిచి. ఓవెన్‌లో ఆరబెట్టిన దిమ్మలు చల్లారనివ్వకుండా, గోరువెచ్చగానే ఉన్నాయిలే అనుకుని రెజిన్‌లో వేసేశాను. మర్నాడు పొద్దున చాంబర్ తెరిస్తే గరిటె నిలబడేంత జెల్లీ. ఆరు దిమ్మలు అందులో సమాధి. ఇది వేడికి గట్టిపడే రెజిన్ అని డబ్బా మీదే రాసి ఉంది, నేనే చదివాను కూడా.

పాతపంపు

పైకి గోరువెచ్చన అంటే మధ్యలో ఎంతుందో ఎవరికి తెలుసు. అలాగని చల్లారడానికి బయట పెడితే గాలిలో తేమ మళ్లీ తాగేస్తుంది. ఓవెన్‌లోంచి తీయగానే గాలి చొరబడని సంచిలో వేసి బిగించి, అందులోనే పూర్తిగా చల్లారనివ్వాలి.

రెజిన్ నిల్వ గురించి కూడా ఒక మాట. డబ్బా మూతి దాకా నింపి పెట్టకండి. ఈ జాతి రెజిన్‌లు తమంతట తాము గట్టిపడకుండా ఆపే మందుకి కాస్త ఆక్సిజన్ కావాలి. పైన గాలి ఉండనివ్వాలి, చల్లటి చోట ఉంచాలి. వాక్యూమ్ నుంచి వచ్చిన రెజిన్‌ని తిరిగి డబ్బాలో పోసే ముందు నేను జల్లెడ పట్టి కాసేపు తెరిచి ఉంచుతాను.

కొత్తచెయ్యి

అందరికీ ధన్యవాదాలు. పాట్ కొనడం వాయిదా. అదే దుంగలోంచి కోసిన రెండో దిమ్మ ఉంది, 158 గ్రాములు. ఓవెన్‌లో 104 డిగ్రీల దగ్గర పెట్టాను. ఓవెన్ డయల్‌ని నమ్మకుండా లోపల వేరే థర్మామీటర్ ఉంచాను, డయల్ 100 దగ్గరుంటే లోపల 112 చూపించింది! బరువు చూస్తూ రాస్తాను.

గ్రాములక్క

మంచి పని. ఆ ఓవెన్‌ని మళ్లీ తిండికి వాడకండి, రెజిన్ పొగ దాని గోడలకు పడుతుంది. గట్టిపరిచేటప్పుడు కిటికీలు తెరవండి.

కొత్తచెయ్యి

(రెండు రోజుల తర్వాత)

12 గంటలకు 149.
24 గంటలకు 146.5.
30 గంటలకు 146.
36 గంటలకు 146. ఇక కదల్లేదు.

సంచిలో చల్లార్చి, సాయంత్రం రెజిన్‌లో ముంచి వాక్యూమ్ మొదలుపెట్టాను. మొదటి పది నిమిషాలు నురగ గాజు మూత దాకా ఎగబాకింది. వాల్వు కొంచెం తెరిచి, నురగ దిగాక మూసి, మళ్లీ తెరిచి, పాలు పొంగకుండా కాచినట్టు కాచాను. తర్వాత నెమ్మదించింది. నాలుగో గంటకి కోసిన చివరల నుంచి మాత్రమే సన్నటి బుడగల దారాలు. ఏడో గంటకి రెండు నిమిషాలకొక బుడగ. ఎనిమిదికి ఆపేశాను. మొన్నటితో పోలిస్తే ఇదసలు వేరే చెక్కలా ఉంది.

గాలి వదిలిన వెంటనే ఒక విషయం గమనించాను. రెజిన్ మట్టం కళ్లముందే తగ్గింది. మార్కర్‌తో గీత పెట్టాను, పొద్దునకి వేలెడు కిందికి దిగింది.

లేత్‌రాజా

ఆ గీత పెట్టడం బాగుంది, నేనూ పెడతాను. ఒక ప్రశ్న. బుడగలు చివరల నుంచే ఎందుకు వస్తాయి, పక్కల నుంచి రావేం?

రైలుదుంగ

చెక్కలో గొట్టాలన్నీ నిలువునా ఉంటాయి కాబట్టి. నిలువుగా ద్రవం పోయినంత సులువుగా అడ్డంగా పోదు, ఎన్నో వందల రెట్లు తేడా ఉంటుంది. కోసిన చివరలే తలుపులు. అందుకే ఆరేటప్పుడు పగలకుండా చివరలకు మైనం పూసిన దిమ్మలైతే, రెజిన్‌లో వేసే ముందు ఆ మైనాన్ని కోసి పారేయాలి. పొడుగు దిమ్మని నానబెట్టి తర్వాత ముక్కలు చేసే బదులు, పిడి సైజుకి దగ్గరగా కోసి నానబెడితే సగం శ్రమ తగ్గుతుంది.

ఉలిపిడి

ఇన్ని తంటాలు పడ్డాక ఈ పిడి ఇక నీళ్లలో ఉబ్బదు కదా? గిన్నెలతో పాటు కడిగేయొచ్చా?

గ్రాములక్క

ఉబ్బుతుంది, కాకపోతే చాలా మెల్లగా, తక్కువగా. స్టెబిలైజ్ అనే పేరు కొంచెం పెద్ద పేరు. ఈ రెజిన్ గదుల్ని నింపుతుంది గానీ గోడల్లోకి పెద్దగా దూరదు. ఉబ్బేవి గోడలే. చెక్క గట్టిపడుతుంది, మెరుగు బాగా పడుతుంది, తేమ లోపలికి చేరడానికి దారి మూసుకుపోతుంది. అంతకు మించి ఆశపడొద్దు, నీళ్లలో నానబెట్టి మర్చిపోవద్దు.

గోడల్లోకి దూరేదంటే పీఈజీ అనే మైనం లాంటి పదార్థం. 1628లో మునిగిన వాసా అనే స్వీడన్ ఓడని 1961లో పైకి తీశాక, ఆరితే ముడుచుకుపోకుండా 17 ఏళ్లు దాని మీద పీఈజీ చల్లారు. కానీ అది తడి చెక్క మందు, గట్టిదనం ఇవ్వదు, జిగురుగా ఉంటుంది. కత్తి పిడికి పనికిరాదు.

కొత్తచెయ్యి

కోశాను!

ముందు బరువులు. 20 గంటలు నానాక తుడిచి తూస్తే 322. ఫాయిల్‌లో చుట్టి గట్టిపరిచాక 301. ఫాయిల్ లోపల అంచుల వెంట కారి గట్టిపడిన రెజిన్ పెచ్చులు చాలా ఉన్నాయి, ఉలితో గీకాను. అంటే 146 మీద 155 గ్రాములు నిలిచింది.

గ్రాములక్క

సుమారు 200 పట్టే చోట 155. ముప్పావు వంతు దాటింది. గట్టిపడేటప్పుడు కొంత కారుతుంది, మిగిలిందీ కాస్త కుంచించుకుపోతుంది, కాబట్టి నూటికి నూరు ఎవరికీ రాదు. కోత ఎలా ఉంది?

కొత్తచెయ్యి

రంపం దిగేటప్పుడే తేడా తెలిసిందక్కా. మొన్న మధ్యకి రాగానే రంపం జారిపోయింది, పొట్టు పిండిలా రాలింది. ఈసారి చివరి దాకా ఒకటే చప్పుడు, పొట్టు సన్నటి చుట్టలుగా వచ్చింది, కాలిన ప్లాస్టిక్ వాసన. ముక్కు గుడ్డ కట్టుకుని కోశాను లెండి.

రంగు మాత్రం అంతటా ఒకేలా లేదు. అంచున ముదురు నీలం, మధ్యకి పోయేకొద్దీ లేత. మధ్యలో రెజిన్ తక్కువ పట్టిందా అని భయపడి గోరుతో, సూదితో గుచ్చి చూశాను. ఎక్కడా దిగలేదు.

పాతపంపు

భయపడకు. చెక్క రంగుని వడగడుతుంది. రెజిన్ లోపలికి పోతుంది, రంగు దారిలో గోడలకి అంటుకుని వెనకబడుతుంది. రంగు చూసి లోతు కొలిస్తే తప్పు. సూది గుచ్చావు చూడు, అదే పరీక్ష.

కొత్తచెయ్యి

ఒక మూల మాత్రం దిగింది గురువు గారూ. చిన్న ముడి ఉంది, దాని వెనకాల బఠాణీ గింజంత చోటు తెల్లగా, మెత్తగా ఉండిపోయింది.

పాతపంపు

ముడి చుట్టూ పోగులు వంకర తిరుగుతాయి, దాని వెనక్కి తలుపు ఉండదు. మళ్లీ దిమ్మంతా ముంచకు. పల్చటి సూపర్ గ్లూ రెండు మూడు సార్లు తాగించి, ఆరాక సానబెట్టు.

లేత్‌రాజా

నా పాట్‌కి పంపు జత చేస్తున్నాను. పాత దిమ్మలు రెండు కోసి చూశాను, లోపల ఏముందో ఇక్కడ చెప్పను.

కొత్తచెయ్యి

గ్లూ పోశాను. ముడి ఉన్న వైపు పిడి లోపలికి, ఇనుము మీదికి తిప్పి అంటించేశాను. మూడో దిమ్మ ఓవెన్‌లో ఉంది, ఇప్పుడే తూశాను. 151.5, ఇంకా తగ్గుతోంది.